రెండో మ్యాగజైన్ కొనేముందు

పిస్టల్ మొరాయిస్తే మొదటి నింద పిస్టల్ మీద పడుతుంది, రెండోది తూటాల మీద. ఆ రెంటి మధ్య ఉండే రేకు డబ్బా వైపు ఎవరి చూపూ పోదు. కానీ సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌లో ముందుగా పాడయ్యేది తూటాలు పేర్చే ఆ డబ్బా, అంటే మ్యాగజైనే. కింద పడి సొట్టపోయేదీ అదే. కొన్నవాళ్లు పట్టించుకోనిదీ అదే. బ్యారెల్ తాత నుంచి మనవడి దాకా పనిచేస్తుంది. మ్యాగజైన్ పైఅంచు మాత్రం కంటికి ఆననంత వంగినా తూటా ఛాంబర్‌లోకి, అంటే బ్యారెల్ వెనక అది పేలే చోటికి, సరిగ్గా ఎక్కదు.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పిస్టల్ లైసెన్సు ఉన్నవాళ్లు పెద్ద సంఖ్యలో ఏమీ ఉండరు. రొయ్యల చెరువుల డబ్బు చేతులు మారే చోట, చీమకుర్తి రాతి వ్యాపారంలో, కాంట్రాక్టుల్లో, రాజకీయాల్లో ఉన్నవాళ్లు కొందరు. పెద్దల నుంచి వచ్చిన పాత ఆయుధాన్ని పేరు మార్పించుకున్నవాళ్లు మరికొందరు. వీళ్లలో చాలామంది పిస్టల్‌తో వచ్చిన ఒక్క మ్యాగజైన్‌తోనే ఏళ్లు గడిపేస్తారు. రెండోది కొనాలన్న ఆలోచన వస్తే, అది ఎక్కువ తూటాలు దగ్గరుంచుకోవాలనే కోరికతోనే వస్తుంది. అసలు అవసరం అది కాదు. త్వరగా చెడిపోయే భాగానికి నమ్మదగిన ప్రత్యామ్నాయం ఇంట్లో ఉండాలి. ఈ లెక్కన చూస్తే ఏది కొనాలి, ఎన్ని కొనాలి అన్న ప్రశ్నలకు జవాబు మారిపోతుంది.

నాణ్యత కంటే ముందు చట్టం సంగతి చూడాలి. 1959 ఆయుధ చట్టం సెక్షన్ 2లో తుపాకీ అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో దాని విడిభాగాలు కూడా ఉన్నాయి. అంటే మ్యాగజైన్‌ను సెల్‌ఫోన్ కవర్ లాగా ఎక్కడ పడితే అక్కడ కొనే వస్తువుగా చూడకూడదు. లైసెన్సు ఉన్న డీలరు దగ్గరే, లైసెన్సు పుస్తకం చూపించే కొనాలి. బిల్లు మీద పిస్టల్ మోడల్, నంబరు, లైసెన్సు నంబరు, యూఐఎన్ (లైసెన్సుదారుకు ఇచ్చే విశిష్ట గుర్తింపు సంఖ్య) రాయించుకోవాలి. అదనపు మ్యాగజైన్‌ను లైసెన్సులో నమోదు చేయాలా అన్నది కలెక్టరేట్‌లో ఆయుధ లైసెన్సులు చూసే సెక్షన్‌కు ఒక లేఖ రాసి తేల్చుకోవడం మంచిది. ఆ లేఖ కాపీ, బిల్లు రెండూ లైసెన్సుతోపాటే ఉండాలి. ఎప్పుడో తనిఖీలో కొత్తగా వచ్చిన ఎస్సై "ఇదెక్కడిది?" అని అడిగితే నోటిమాట పనికిరాదు.

విదేశీ వెబ్‌సైట్లలో పాత కోల్ట్, వాల్తర్ పిస్టళ్లకు మ్యాగజైన్లు కనిపిస్తాయి. కార్డుతో డబ్బు కట్టి కొరియర్‌లో తెప్పించుకుందామని ఎవరికైనా అనిపించవచ్చు. ఆయుధాలనూ వాటి భాగాలనూ దిగుమతి చేసుకోవాలంటే అదే చట్టం సెక్షన్ 10 కింద విడిగా లైసెన్సు ఉండాలి. అది లేకపోతే పార్సిల్ కస్టమ్స్‌లో ఆగుతుంది, కొన్న మనిషి స్టేషన్‌కు వెళ్లాల్సి వస్తుంది. ఆటోనగర్‌లో తెలిసిన లేత్ మేస్త్రీ ఉన్నాడు, రేకు వంచి చేసిచ్చేస్తాడు అనుకునేవాళ్లు ఇంకా పెద్ద ప్రమాదంలో పడతారు. లైసెన్సు లేకుండా ఆయుధం తయారుచేయడం, మరమ్మతు చేయడం సెక్షన్ 5కు విరుద్ధం. 2019 సవరణ తర్వాత ఆ నేరానికి కనీస శిక్షే ఏడేళ్లు, యావజ్జీవం దాకా పడవచ్చు. మేస్త్రీని ఆ ఊబిలోకి లాగడం ఏ రకంగానూ న్యాయం కాదు.

ఇక పిస్టల్ సంగతి. మన దగ్గర మామూలు పౌరుడి చేతిలో ఉండే పిస్టల్ చాలావరకు .32దే. పోలీసులు వాడే 9 ఎంఎం, పాత .45 నిషిద్ధ బోర్ (బోర్ అంటే గొట్టం సైజు) జాబితాలో ఉన్నాయి. వాటికి కలెక్టర్ లైసెన్సు ఇవ్వలేరు. అందుకని ఈ జిల్లాల్లో మ్యాగజైన్ ప్రశ్న ఆచరణలో .32 పిస్టల్ ప్రశ్నే. ఇక్కడే మొదటి తికమక. అందరూ "థర్టీటూ" అనే అంటారు. ఆ పేరుతో రెండు వేర్వేరు తూటాలున్నాయి. ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ .32 రివాల్వర్‌లో పడేది పొడవాటి, పూర్తి రిమ్ (అడుగున బయటికి పొడుచుకొచ్చే అంచు) ఉన్న తూటా: .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్. పిస్టల్‌లో పడేది పొట్టిది: .32 ఏసీపీ. దీన్నే 7.65 మి.మీ. బ్రౌనింగ్ అని కూడా అంటారు. కేసు, అంటే తూటా ఇత్తడి గొట్టం, పొడవు సుమారు 17 మి.మీ. మ్యాగజైన్ కొనేటప్పుడూ, తూటాలు కొనేటప్పుడూ "థర్టీటూ ఇవ్వండి" అని ఊరుకోకుండా పిస్టల్ తూటా అని చెప్పి, పెట్టె మీద రాత చదివి తీసుకోవాలి.

ఈ .32 ఏసీపీకి ఒక పుట్టు లోపం ఉంది. మ్యాగజైన్ ఎంపికలో సగం విషయం దాని చుట్టూనే తిరుగుతుంది కాబట్టి కాస్త నెమ్మదిగా చూడాలి. జాన్ బ్రౌనింగ్ దీన్ని 1899 ప్రాంతంలో బెల్జియం కంపెనీ ఎఫ్ఎన్ పిస్టల్ కోసం రూపొందించాడు. ఆ తర్వాత వచ్చిన పిస్టల్ తూటాలు చాలావాటిలో అడుగు భాగం కేసు కంటే బయటికి పొడుచుకురాదు. .32లో మాత్రం కొద్దిగా వస్తుంది. కేసు వెడల్పు సుమారు 8.5 మి.మీ. అయితే అడుగు రిమ్ దాదాపు 9.1 మి.మీ. ఉంటుంది. తూటా ఛాంబర్‌లో ఎంతవరకు వెళ్లి ఆగాలో ఆ చిన్న అంచే నిర్ణయిస్తుంది. అది దాని ఉపయోగం. ఇబ్బంది మ్యాగజైన్‌లో మొదలవుతుంది.

తూటాలు ఒకదానిపై ఒకటి పేర్చినప్పుడు పై తూటా రిమ్ కింది తూటా రిమ్‌కు ముందుండాలి. అప్పుడు స్లైడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ జరిగే భాగం) వచ్చి పై తూటాను ముందుకు నెట్టగానే అడ్డు లేకుండా జారిపోతుంది. పై తూటా రిమ్ పొరపాటున కింది దాని వెనక్కి దిగితే, స్లైడ్ నెట్టినప్పుడు పైది కిందిదాన్ని పట్టుకుని కదలకుండా నిలిచిపోతుంది. రిమ్ లాక్ అనేది దీన్నే. ఇది మామూలు జామ్ లాంటిది కాదు. స్లైడ్‌ను పదిసార్లు లాగినా విడవదు. మ్యాగజైన్ బయటికి తీసి, తూటాలు ఒక్కొక్కటీ దించి మళ్లీ పేర్చాల్సిందే. ఆపదలో అంత సమయం దొరకదు.

రిమ్ లాక్ రావాలంటే మ్యాగజైన్ లోపల తూటాకు ముందువెనకలుగా కదిలే ఖాళీ ఉండాలి. గుండ్రటి మొన, పూర్తి లోహపు పూత ఉన్న మామూలు తూటా మ్యాగజైన్ పొడవును దాదాపు నింపేస్తుంది. ఖడ్కీ ఫ్యాక్టరీ కేఎఫ్ ముద్ర తూటాల్లో గుండ్రటి మొనవి ఈ కోవకే చెందుతాయి. మొన బోలుగా, మొండిగా ఉండే రకాలు పొట్టిగా ఉండి లోపల వదులవుతాయి. పాత పిస్టళ్లు పుట్టిందే గుండ్రటి మొన తూటాల కోసం. కాబట్టి మ్యాగజైన్ ఎంత మంచిదైనా దానికి సరిపోయే తూటా ఆకారాన్ని ముందే ఖాయం చేసుకుని దాన్నే వాడాలి. రెండో సంగతి, లోపలి పొడవు అసలు దానికంటే ఎక్కువగా ఉన్న నకలు మ్యాగజైన్ ఎంత తళతళలాడినా వద్దు. డీలరు బల్ల మీద అసలు మ్యాగజైన్, కొత్తది పక్కపక్కన పెట్టి, రెండిటిలో ఒకే డమ్మీ రౌండ్ (పేలని నకలు తూటా) వేసి ముందుకూ వెనక్కీ కదిలించి చూస్తే తేడా వేలికే తెలిసిపోతుంది.

మిగతా పరీక్ష కూడా చాలావరకు అసలుదానితో పోల్చి చూడటమే. పైన తూటాను రెండు వైపులా పట్టి ఉంచే వంపు అంచులను లిప్స్ అంటారు. తూటా ఏ కోణంలో, ఏ క్షణంలో విడుదల కావాలో అవే చెబుతాయి. అవి విచ్చుకుంటే తూటా తొందరగా వదిలిపోయి మొన పైకి లేస్తుంది, లేదా రెండు తూటాలు ఒకేసారి బయటికి వస్తాయి. దగ్గరపడితే స్లైడ్ నెట్టలేక ఆగిపోతుంది. ఉక్కు మెత్తగా ఉన్న చౌకరకంలో కొన్నాళ్ల వాడకానికే విచ్చుకుంటాయి. లిప్స్ మధ్య వెడల్పును వెర్నియర్‌తో కొలిచి పాతదాని కొలతతో పాటు ఒక కాగితం మీద రాసి ఉంచుకుంటే, ఏడాది తర్వాత మళ్లీ కొలిచినప్పుడు అది విచ్చుకుంటోందో లేదో తెలుస్తుంది. వంపు మొదట్లో వెంట్రుక లాంటి పగులు ఉందేమో భూతద్దంతో చూడాలి. ఉంటే ఆ మ్యాగజైన్ పని అయిపోయినట్టే. కటింగ్ ప్లయర్‌తో లిప్స్‌ను "సర్ది" ఇచ్చే డీలరు కంటే, "ఇది వద్దు సార్" అని వెనక్కి పెట్టేసే డీలరు మేలు.

లిప్స్ గురించి చాలామంది చెబుతారు. క్యాచ్ పట్టే చోటు గురించి చెప్పేవాళ్లు తక్కువ. పాత .32 పిస్టళ్లు చాలావాటిలో మ్యాగజైన్ విడిపించే క్యాచ్ పిడి అడుగున, మడమ దగ్గర ఉంటుంది. వెబ్లీ అండ్ స్కాట్ .32, కోల్ట్ 1903, ఎఫ్ఎన్ 1910 మూడూ అలాంటివే. వాల్తర్ పీపీలో పక్కన బొత్తాం ఉంటుంది. మడమ క్యాచ్ మ్యాగజైన్ వెనక అంచును కింది నుంచి ఆపి పట్టుకుంటుంది. ఏళ్ల తరబడి రాపిడికి ఆ అంచు అరిగితే మ్యాగజైన్ కొంచెం కిందికి దిగి కూర్చుంటుంది. అప్పుడు స్లైడ్ ముందుకొచ్చేటప్పుడు తూటా అడుగును సరిగ్గా తాకదు, దాని పైనుంచి దాటిపోతుంది. లక్షణం స్ప్రింగు బలహీనపడినట్టే కనిపిస్తుంది. స్ప్రింగు మార్చినా జబ్బు తగ్గదు. ఖాళీ పిస్టల్‌లో ఖాళీ మ్యాగజైన్ పెట్టి అడుగు పలకను బొటనవేలితో పైకి నొక్కితే కొద్దిగా కదలడం సహజం. కదలిక కంటికి కొట్టొచ్చినట్టు ఉంటే అసలు మ్యాగజైన్‌తోనూ అదే చేసి చూడాలి. రెండిటిలోనూ ఉంటే అరిగింది క్యాచ్. కొత్తదాంట్లోనే ఉంటే అది ఆ పిస్టల్‌కు చేసినది కాదు.

ఫాలోవర్ అంటే తూటాలను పైకి మోసే పలక. దాన్ని వేలితో అడుగుదాకా నొక్కి వదిలితే ఎక్కడా ఒరగకుండా, గోడలకు రాసుకోకుండా పైకి రావాలి. గోడ మీద సొట్ట ఉంటే సరిగ్గా అక్కడే తడబడుతుంది. అడుగు పలక గట్టిగా కూర్చోవాలి, అంతే.

ఎక్కువ తూటాలు పడతాయని అమ్మే మ్యాగజైన్ల గురించి ఒక మాట. ఒకే వరుస మ్యాగజైన్‌లో ఒక తూటా అదనంగా పట్టాలంటే అడుగు పొడిగించాలి, లేకపోతే ఫాలోవర్‌నో స్ప్రింగునో చిన్నది చేయాలి. రెండో పద్ధతిలో స్ప్రింగు చుట్లు పూర్తిగా ఒకదానికొకటి తగిలేదాకా నలిగిపోతాయి. నిండుగా ఉన్నప్పుడు మొదటి తూటాను కదిలించడానికే స్లైడ్ ఇబ్బంది పడుతుంది, చివరి తూటా దగ్గర నెట్టే బలం చాలదు. పైగా లైసెన్సులో ఒకేసారి ఎన్ని తూటాలు ఉంచుకోవచ్చో రాసే ఉంటుంది. ఆ పరిమితి ఉన్న మనిషికి ఒక తూటా ఎక్కువ పట్టే డబ్బా ఎందుకో అర్థం కాదు.

ఎక్కడి మ్యాగజైన్ మంచిది? పిస్టల్ తయారీదారుదే మొదటి ఎంపిక. ఇందులో వాదన లేదు. ప్రభుత్వ ఫ్యాక్టరీ .32 అశని పిస్టల్ ఉన్నవాళ్ల పని సులువు. కొన్న డీలరు ద్వారానే అదే మోడల్ మ్యాగజైన్‌కు ఆర్డర్ పెట్టవచ్చు. ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డు 2021 అక్టోబరు 1న ఏడు కంపెనీలుగా విడిపోయింది. ఆయుధాల తయారీ కాన్పూరు కేంద్రంగా ఉన్న అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా కిందికి వచ్చింది. అందుకే పాత కాగితాల్లో ఒక పేరు, కొత్త బిల్లులో ఇంకో పేరు కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. మార్కు మారిన మోడళ్ల మధ్య మ్యాగజైన్ కలుస్తుందో లేదో మాత్రం పిస్టల్‌ను పక్కన పెట్టుకునే చూడాలి.

పాత విదేశీ పిస్టల్ ఉన్నవాళ్లకే అసలు కష్టం. 1980ల మధ్య నుంచి పౌరుల కోసం పిస్టళ్ల దిగుమతి ఆగిపోయింది. దేశంలో ఉన్నవే చేతులు మారుతున్నాయి, విడిభాగాలూ అంతే. కోల్ట్ 1903, వెబ్లీ లాంటివి వందేళ్ల నాటి డిజైన్లు. వాటి అసలు మ్యాగజైన్లు విరిగిన పిస్టళ్ల నుంచి తీసినవో, ఎవరి పెట్టెలోనో మిగిలినవో మాత్రమే దొరుకుతాయి. అలాంటిది దొరికితే పైపూత చూసి మోజుపడకూడదు. పూత పోయి బూడిద రంగులోకి వచ్చినా లిప్స్, వెనక అంచు బాగుంటే అదే కొనాలి. తళతళలాడే కొత్త నికెల్ పూత ఉంటే అనుమానించాలి. పూత కింద పాత గుంటలు దాచి ఉండవచ్చు, పూత పొరలుగా ఊడి ఫాలోవర్‌కు అడ్డుపడవచ్చు.

వేరే కంపెనీ చేసినవన్నీ చెత్త అనుకోవడం కూడా తప్పే. ఇటలీలో బ్రెషా దగ్గరున్న మెక్‌గార్ అనే సంస్థ పెద్ద పెద్ద పిస్టల్ కంపెనీలకే మ్యాగజైన్లు చేసిపెడుతుంది. వాల్తర్ పీపీ, పీపీకేలకు ఆ సంస్థ సరుకు కంపెనీ సరుకుతో సమానంగా చూస్తారు. చట్టబద్ధంగా దిగుమతై, డీలరు బిల్లుతో అలాంటిది దొరికితే వదులుకోకూడదు. పేరూ ఊరూ ముద్రించని మ్యాగజైన్‌తో మాత్రం జాగ్రత్త. బొమ్మ తుపాకీలకూ, గ్యాస్‌తో పనిచేసే ఎయిర్ పిస్టళ్లకూ చేసిన మ్యాగజైన్లు చూడటానికి అచ్చం నిజమైనవాటిలాగే ఉంటాయి. వాటిని అసలు పిస్టల్‌లోకి దూర్చి చూద్దామనే సరదా వద్దు.

ఇంకో మోసం తెలియక జరిగేది. వాల్తర్ పీపీ .32లోనూ వచ్చింది, .380లోనూ వచ్చింది. కోల్ట్ 1903కి .380లో 1908 అనే తోబుట్టువు ఉంది. బయటి కొలతలు దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి పాత సరుకు కుప్పలో రెండూ కలిసిపోతాయి. .380 కేసు లావు. ఆ మ్యాగజైన్ లిప్స్ మధ్య సన్నటి .32 తూటా నిలవదు, ఎగిరి బయటికి వస్తుంది. ఒక పక్కనో అడుగునో క్యాలిబర్ ముద్ర ఉంటుంది. అది అరిగిపోయి ఉంటే కొనకపోవడమే మంచిది.

నెల్లూరు వాళ్లకు ఒక ప్రత్యేక చిక్కు ఉంది. హైదరాబాద్, విజయవాడ కంటే చెన్నై దగ్గర. అక్కడి డీలర్ల దగ్గర పాత సరుకు ఉంటుందన్న ఆశతో పిస్టల్ కారులో వేసుకుని బయల్దేరడం తేలిక. తడ దాటితే తమిళనాడు. లైసెన్సు ఏ ప్రాంతానికి చెల్లుతుందో పుస్తకంలో రాసి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ వరకే అని ఉంటే అవతల చెక్‌పోస్టు దగ్గర ఆ పిస్టల్ లైసెన్సు లేనిదానితో సమానమే అవుతుంది. లైసెన్సు లేకుండా తుపాకీ దగ్గరుంచుకుంటే కనీస శిక్ష రెండేళ్లు. ముందు పరిధి పెంచుకోవాలి. లేదా అసలు మ్యాగజైన్ ఫొటోలు, కొలతలు ఫోన్‌లో డీలరుకు పంపి, సరిపోతుందని తేలాక ఇక్కడి డీలరు ద్వారా తెప్పించుకోవాలి.

వాతావరణం సంగతి. ముత్తుకూరు, ఇందుకూరుపేట, అల్లూరు వైపు రొయ్యల చెరువుల మధ్య గెస్ట్‌హౌసుల్లోనూ, కొత్తపట్నం, సింగరాయకొండ వైపు సముద్రపు ఒడ్డునా ఇనుము ఎంత త్వరగా తుప్పు పడుతుందో అక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. కిటికీ ఊచలు, ఏరేటర్ బోల్టులు చూస్తే చాలు. మ్యాగజైన్ రేకు పలచన, దాని నల్లపూత ఇంకా పలచన. ఉప్పుగాలిలోని క్లోరైడ్ ఆ పూతలోని సూక్ష్మ రంధ్రాల్లోంచి దిగి లోపల చుక్కలు చుక్కలుగా తింటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమ దీనికి తోడవుతుంది. స్టెయిన్‌లెస్ మ్యాగజైన్ దొరికితే ఈ ప్రాంతానికి అది మేలే. కానీ తుడవకుండా వదిలేస్తే స్టెయిన్‌లెస్‌కు కూడా ఈ గాలిలో చుక్కలు పడతాయి.

తోలు పౌచ్ ఈ తీరంలో చేసే చేటు చాలామందికి తెలియదు. తోలు శుద్ధిచేసేటప్పుడు వాడిన లవణాలు అందులో మిగిలి ఉంటాయి. తేమ తగలగానే అవి మ్యాగజైన్‌కు తుప్పునూ, ఇత్తడి కేసులకు పచ్చటి చిలుమునూ పట్టిస్తాయి. చిలుము పట్టిన తూటా లిప్స్ మధ్య సాఫీగా జారదు. బయటికి వెళ్లేటప్పుడు తోలు పౌచ్ వాడినా, ఇంట్లో మాత్రం మ్యాగజైన్‌ను తోలులో ఉంచకూడదు. తాళం వేసిన పెట్టెలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచి, ఆ పొట్లాలను అప్పుడప్పుడూ మార్చాలి.

చీమకుర్తి, బల్లికురవ క్వారీల వైపు సమస్య వేరు. అక్కడ తేమ కంటే రాతిపొడి ఎక్కువ బాధ. తుప్పు భయంతో మ్యాగజైన్ లోపల నూనె పోసేవాళ్లు ఆ పొడికి జిగురు పూసి పెట్టినట్టే. నూనె, పొడి కలిసిన ముద్ద ఫాలోవర్‌ను గోడలకు పట్టేస్తుంది. ఎక్కువైన నూనె తూటా ప్రైమర్ (అడుగున నిప్పు రాజేసే భాగం) దాకా చేరితే అసలు పేలకపోవచ్చు కూడా. బయట నూనె గుడ్డతో తుడిచి, ఆ తడి కూడా పొడిగుడ్డతో తీసేయాలి. లోపల పొడిగానే ఉండాలి.

ఎన్నికల ముచ్చట కూడా ఇక్కడే. కోడ్ రాగానే లైసెన్సు ఆయుధాలు స్టేషన్‌లో అప్పగించమని నోటీసులు వస్తాయి. 2024లో షెడ్యూల్ మార్చి 16న వచ్చింది, మన రాష్ట్రంలో పోలింగ్ మే 13న, లెక్కింపు జూన్ 4న జరిగాయి. అంటే నడివేసవి మొత్తం. అన్ని వారాలు ఆయుధం గోనెసంచిలోనో పాత హోల్‌స్టర్‌లోనో ఉండిపోతే తిరిగి వచ్చేసరికి మ్యాగజైన్‌కు తుప్పు పట్టి ఉండటం వింతేమీ కాదు. అప్పగించేటప్పుడు తూటాలు తీసేసి, పలచగా నూనె గుడ్డ తుడిచి, తోలు కాకుండా మామూలు నూలు గుడ్డలో చుట్టి ఇవ్వాలి. రసీదులో "పిస్టల్ ఒకటి" అని మాత్రమే రాస్తే ఒప్పుకోకూడదు. మ్యాగజైన్లు ఎన్నో, వాటి గుర్తులేమిటో, తూటాలెన్నో రాయించుకోవాలి. తిరిగి తీసుకునేటప్పుడు మ్యాగజైన్ తారుమారైతే రసీదు తప్ప ఆధారం ఉండదు.

పరీక్షించడం అన్నింటికంటే కష్టం. అమెరికాలో ఈ విషయం మీద రాసేవాళ్లు కొత్త మ్యాగజైన్‌తో వందో రెండొందలో తూటాలు కాల్చి చూడమంటారు. మన లైసెన్సుదారుకు ఏడాదికి కొనగలిగే తూటాల సంఖ్యకు లెక్క ఉంది, కాల్చడానికి రేంజ్ చేతికందే దూరంలో ఉండదు. తోటలోనో, చెరువు గట్టునో నాలుగు రౌండ్లు పేల్చి చూద్దామంటే కుదరదు. ఇతరుల ప్రాణానికి ముప్పు కలిగేలా నిర్లక్ష్యంగా కాల్చడం, సంబరాల్లో కాల్చడం 2019 సవరణ తర్వాత విడిగా ఒక నేరం. రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. చదునైన నేల మీద, నీటి మీద తూటా ఎటు తుళ్లిపోతుందో చెప్పలేం కూడా.

కాబట్టి తూటా కాల్చకుండా చేయగలిగే పరీక్షలన్నీ ముందే పూర్తిచేసి, కాల్చే పరీక్షకు అతి తక్కువ మిగల్చాలి. మొదటి నియమం: మ్యాగజైన్ తీసేస్తే పిస్టల్ ఖాళీ అయినట్టు కాదు. ఛాంబర్‌లో తూటా మిగిలి ఉండవచ్చు. స్లైడ్ వెనక్కి లాగి, కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకున్నాకే ఏదైనా. నిజమైన తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. ఆ తర్వాత డమ్మీ రౌండ్లు నింపి, స్లైడ్‌ను చేత్తో గట్టిగా లాగి వదులుతూ మ్యాగజైన్ ఖాళీ అయ్యేదాకా నడిపించాలి. మెల్లగా చేతితో స్లైడ్‌ను మోసుకెళ్తే మంచి మ్యాగజైన్ కూడా తడబడుతుంది, అది లెక్కలోకి రాదు. మొదటి తూటా, చివరి తూటా దగ్గర ఎలా ఉందన్నదే ముఖ్యం. మొదటిది ఆగితే స్ప్రింగు మరీ బిగువు, లేదా లిప్స్ దగ్గరగా ఉన్నాయి. చివరిది తలవంచితే స్ప్రింగు నీరసం.

చివరి తూటా తర్వాత స్లైడ్ వెనక ఆగాలన్న పరీక్ష అన్ని పిస్టళ్లకూ వర్తించదు. వాల్తర్ పీపీలో ఆగుతుంది. కోల్ట్ 1903లోనూ, ఎఫ్ఎన్ 1910లోనూ ఆ ఏర్పాటే లేదు. ఇది తెలియక మంచి మ్యాగజైన్‌ను డీలరుకు వెనక్కి ఇచ్చేసే ప్రమాదం ఉంది.

కాల్చే పరీక్షకు రైఫిల్ క్లబ్ రేంజ్‌లో, అక్కడి నిబంధనల ప్రకారం, ఏటా పాతబడే తూటాలను వాడుకోవడం తెలివైన పని. ఎలాగూ పాత తూటాలు మార్చాలి. వాటిని మూడు, నాలుగు నిండు మ్యాగజైన్లుగా రెండోదాంతోనే కాల్చాలి. ఒక్కసారి ఆగినా ఎందుకు ఆగిందో చూడాలి. అదే తూటా అసలు మ్యాగజైన్‌లో సాఫీగా నడిచి, కొత్తదాంట్లో మళ్లీ మళ్లీ ఆగితే అది కేవలం సాధనకే. రక్షణ కోసం దాన్ని నమ్మకూడదు. అందుకే ప్రతి మ్యాగజైన్ అడుగున పెయింట్ మార్కర్‌తో 1, 2 అని గుర్తు వేయాలి. గుర్తు లేకపోతే ఏది మొరాయించిందో మరుసటి నెలకే మరిచిపోతారు. చెక్కడం, పంచ్ కొట్టడం వద్దు. పెయింట్ చాలు.

తూటాలు నింపి ఉంచితే స్ప్రింగు చచ్చిపోతుందా అన్న వాదన ఏళ్లుగా నడుస్తోంది. సరిగ్గా చేసిన స్ప్రింగు ఒకే ఒత్తిడిలో కూర్చున్నందుకు పెద్దగా నీరసించదు. నొక్కడం, వదలడం అనే పదేపదే కదలికే దాన్ని అలసట పెడుతుంది. కానీ వందేళ్ల నాటి పాకెట్ పిస్టల్ మ్యాగజైన్‌లో జాగా తక్కువ. నిండా నింపితే స్ప్రింగు దాదాపు చివరిదాకా నలుగుతుంది. అలాంటివాటిలో ఒక తూటా తక్కువ నింపడం మంచి అలవాటు. ఇంట్లో పిల్లలున్న చోట నింపి ఉంచాలా అన్నది స్ప్రింగు ప్రశ్నే కాదు. అక్కడ పిస్టల్ ఒక తాళంలో, తూటాలు ఇంకో తాళంలో ఉండాలి.

ఎన్ని కావాలి? అసలుది కాక ఒకటి. అసలుది అరిగి ఉంటే రెండు. మూడోదానికి పెట్టే డబ్బు రేంజ్ ఫీజుకు పెడితే ఎక్కువ ఉపయోగం. పాత మోడల్‌కు మంచి మ్యాగజైన్ దొరికే అవకాశం జీవితంలో ఒకటి రెండుసార్లే వస్తుంది కాబట్టి, అలాంటిది దొరికినప్పుడు మాత్రం పిస్టల్ బాగానే పనిచేస్తోంది కదా అని వాయిదా వేయకూడదు.

లైసెన్సుదారు పోయిన తర్వాత వచ్చే తలనొప్పి ఇంకొకటి ఉంది. వారసులు పిస్టల్‌ను స్టేషన్‌లోనో డీలరు దగ్గరో జమచేస్తారు. చట్టం సెక్షన్ 21 చెప్పేదీ అదే. రెండో మ్యాగజైన్ మాత్రం బీరువాలో పాత దస్తావేజుల కింద ఉండిపోతుంది. అది పిస్టల్ భాగమేనన్న సంగతి ఇంట్లోవాళ్లకు తెలియదు. తర్వాత వారసుడికి లైసెన్సు వచ్చి పిస్టల్ తిరిగి తెచ్చుకున్నా, ఈలోగా ఆ మ్యాగజైన్ లైసెన్సు లేని ఇంట్లో ఉన్నట్టే లెక్క. రెండోది కొన్న రోజునే బిల్లు జిరాక్స్ మీద అది ఎక్కడ ఉంచారో రాసి, లైసెన్సు పుస్తకం లోపల పెట్టి, ఇంట్లో ఒక్కరికైనా చెప్పి ఉంచాలి.